బొమ్మరిల్లు, వడ్డీ లేని అప్పు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతను మన మధ్యతరగతి వాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. ఇల్లంటే అప్పు, అప్పంటే సగం జీవితం. ఆ ఇల్లు కట్టుకోవటాన్నీ, దాన్ని సామానుతో నింపి అలంకరించుకోవటాన్నీ ఆటగా తయారుచేసి అమ్మితే ప్రపంచంలో కోట్లమంది కొనుక్కుని, రాత్రిళ్ళు మేలుకుని ఆడుతున్నారు. సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో ఈ సంగతి దేనికని అడిగేవారుంటారు. ఒకప్పుడు నవలకు దక్కిన తీరికలో కొంత ఇవాళ ఇలాంటి వీడియో గేములకు పోతున్నది. జనం తీరికను ఏ కథ ఆక్రమిస్తుందో ఆ కథను పరీక్షించటం విమర్శకుడి పని.

ఈ ఆటల్లో యుద్ధాలుండవు, గెలుపోటములుండవు. ఒక పాత్ర ఉంటుంది, ఆ పాత్రకో ఇల్లుంటుంది. కుర్చీ ఎక్కడ వెయ్యాలి, గోడకు ఏ రంగు, కిటికీకి ఏ తెర - ఇదే ఆట. మన మిత్రుల్లో దీన్ని గురించి రెండు తీర్పులు వినపడుతున్నాయి. ఇది ఒట్టి పలాయనం, కొనుగోలు జబ్బు అంటించే బడి అని ఒకటి. అలసిన మనిషికి కాస్త విశ్రాంతి, ఇందులో రాజకీయమేముందని రెండోది. మొదటిది చెప్పేవారు ఆట ఆడి చూడలేదు. రెండోది చెప్పేవారు ఆట తప్ప మరొకటి చూడలేదు. ఈ ఆటలు ఎక్కడ పుట్టి ఎలా పెరిగాయో తెలుసుకుంటే రెండు తీర్పులూ నిలవవు.

బొమ్మరిల్లు మనకు కొత్త కాదు. అరుగు మీదా ఇసుకలోనూ ఆడపిల్లలు కట్టుకున్న బొమ్మరిళ్ళు, వాటిలో వండి వడ్డించిన గుజ్జనగూళ్ళు మన కావ్యాలకెక్కాయి. పోతన రుక్మిణి బాల్యం చెప్పేటప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళనూ గుజ్జనగూళ్ళనూ మరిచిపోలేదు. ఆటే గాని, అది శిక్షణ గూడా. రేపు అత్తవారింట చెయ్యవలసిన చాకిరీ ఇవాళ ఆటగా అలవాటవుతుంది. ఐతే ఆ ఆటకు ఖర్చు లేదు. కొబ్బరి చిప్ప గిన్నె అవుతుంది, రావి ఆకు విస్తరి అవుతుంది. వస్తువుకు విలువ ఇచ్చేది పిల్ల ఊహ, అంగడి కాదు. ఈ తేడా జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఐరోపాలో బొమ్మరింటి చరిత్ర మరోలా నడిచింది. బవేరియా ప్రభువు ఐదో ఆల్‌బ్రెక్ట్ 1557-58లో చేయించిన బొమ్మరిల్లు ఆయన అపురూప వస్తువుల సేకరణలో చేరింది. మరుసటి శతాబ్దంలో డచ్చి ధనిక గృహిణులకు ఈ మోజు పట్టుకుంది. పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే ఆమె 1686 ప్రాంతం నుంచి ఏళ్ళ తరబడి తయారుచేయించుకున్న బొమ్మరిల్లు ఇవాళ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. అందులోని చిట్టి పింగాణీ చైనా నుంచి తెప్పించుకున్నది. మొత్తం ఖర్చు ఇరవై ముప్ఫై వేల గిల్డర్లు. ఆ డబ్బుతో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే వచ్చేది. ఆ నగరం సంపద ఓడల మీద వచ్చినదని చెప్పనక్కర్లేదు. ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలే మన మచిలీపట్నం రేవుకు వచ్చి అద్దకపు గుడ్డలు పట్టుకుపోయేవి. ఇక్కడ బొమ్మరిల్లు ఊహ కాదు, ఆస్తి. ఇంటావిడ తన సంపదను చిన్నది చేసి, ఒక పక్క గోడ తీసేసి, వచ్చినవారికి చూపించే సాధనం.

ఆ తీసేసిన గోడలోంచే కంప్యూటరు ఆట లోపలికి వచ్చింది. 1985లో ఆక్టివిజన్ కంపెనీ 'లిటిల్ కంప్యూటర్ పీపుల్' అనే ఆటను విడుదల చేసింది. నిలువునా కోసినట్టు కనపడే మూడంతస్తుల ఇల్లు. అందులో ఒక మనిషి, ఒక కుక్క. ఆడేవాడు ఆ మనిషికి తిండీ నీళ్ళూ అందించి, అతని బతుకు చూస్తూ కూచోవాలి. సామాను మాత్రం ముందే అమర్చి ఉంటుంది. ఇల్లు మార్చే హక్కు ఇంకా రాలేదు.

ఆ హక్కు తెచ్చినవాడు అమెరికాలో విల్ రైట్. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో కార్చిచ్చు రేగి మూడు వేలకు పైగా ఇళ్ళు తగలబడ్డాయి, పాతికమంది చచ్చిపోయారు. కాలిన ఇళ్ళలో రైట్ ఇల్లు ఒకటి. బతుకు మళ్ళీ మొదటినుంచి కూర్చుకోవలసి వచ్చినప్పుడు, ఏ వస్తువు మళ్ళీ కొనాలి, ఏది లేకపోయినా గడుస్తుంది అన్న ప్రశ్న అతనికి ఎదురైంది. ఇది చాలా మంచి ప్రశ్న. ఇల్లు కాలినవాడే అడగగల ప్రశ్న. ఆట పుట్టుక ఈ ప్రశ్నలో ఉంది.

రెండో మూలం ఒక పుస్తకం. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే వాస్తుశిల్పి 1977లో తన సహచరులతో కలిసి 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' ప్రచురించాడు. ఇల్లు ఎలా ఉండాలో అందులో ఉండేవాళ్ళే నిర్ణయించుకోగలరు, నిపుణుడి పెత్తనం అక్కర్లేదు అన్నది దాని సారం. ఈ అలెగ్జాండర్‌కు మన దేశంతో సంబంధం ఉంది. గుజరాత్‌లోని బావ్రా అనే పల్లెలో కొంతకాలం ఉండి, 1964లో వచ్చిన తన గ్రంథంలో ఒక భారతీయ గ్రామానికి కావలసినవేమిటో 141 అంశాలుగా లెక్క తీశాడు. పశువులు, బావి, కులాల మధ్య దూరాలు, పంట - అన్నీ ఉన్నాయందులో. ఇంటి అవసరాలను లెక్కగట్టవచ్చుననే ఆలోచన ఇలా మన పల్లెబాట మీదుగా గూడా నడిచి అమెరికా కంప్యూటరులోకి వెళ్ళింది.

రైట్ మొదట తలపెట్టినది ఇళ్ళను రూపొందించే ఆట. కట్టిన ఇల్లు బాగుందో లేదో ఎవరు చెప్పాలి? అందుకోసం అందులోకి మనుషుల్ని దించాడు. మనుషులు వచ్చేసరికి వాళ్ళే ఆటయ్యారు. ఈ పథకానికి అతను పెట్టుకున్న పేరు 'బొమ్మరిల్లు'. ఆడపిల్లల ఆట ఎవరు కొంటారని కంపెనీలో పెద్దలు చాలాకాలం దాన్ని పక్కన పెట్టారు. చివరికి 2000 సంవత్సరం మొదట్లో 'ది సిమ్స్' పేరుతో వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అంతవరకూ వచ్చిన పీసీ ఆటలన్నిటి అమ్మకాలనూ దాటిపోయింది. ఆడినవారిలో స్త్రీలు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు. పెద్దల అంచనా ఎక్కడ తప్పిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఆట లోపలి నిర్మాణం చూద్దాం. అసలు విషయం అక్కడే ఉంది. కొత్త కుటుంబానికి 20,000 సిమోలియన్లు చేతికిస్తారు. దానితో స్థలం, గోడలు, సామాను. ఆటలోని మనిషికి ఎనిమిది అవసరాలు: ఆకలి, సుఖం, శుభ్రం, కాలకృత్యం, నిద్ర, వినోదం, తోటివారు, ఎనిమిదోది 'గది'. అంటే చుట్టూ ఉన్న గది అందం గూడా ఆకలి లాగానే ఒక అవసరం. గోడకు పటం తగిలిస్తే ఆ కొలత పెరుగుతుంది. ఖరీదైన పటమైతే ఎక్కువ పెరుగుతుంది.

ఇంతకంటే విచిత్రం మరొకటుంది. ఆ మనిషి ఏం చెయ్యాలో నిర్ణయించే తెలివి మనిషిలో పెట్టలేదు, వస్తువుల్లో పెట్టారు. మంచం తన వల్ల ఎంత నిద్ర తీరుతుందో చుట్టూ చాటుతుంది. టెలివిజను ఎంత వినోదమో చాటుతుంది. మనిషి ఆ పిలుపులు విని, ఆ క్షణాన ఎక్కువ లాభం కనపడిన వస్తువు దగ్గరికి నడుస్తాడు. ఈ చాటింపుకు నిర్మాతలు వాడిన మాటే 'ప్రకటన'. పెట్టుబడిదారీ సమాజంలో మనుషుల మధ్య సంబంధాలు వస్తువుల మధ్య సంబంధాలుగా కనపడతాయనీ, సరుకుకు తనదైన ప్రాణం ఉన్నట్టు భ్రమ కలుగుతుందనీ మార్క్స్ 1867లో రాశాడు. ఆయన ఉపమానంగా చెప్పినదాన్ని ఇక్కడ ఇంజనీర్లు అక్షరాలా కట్టిపెట్టారు. కుర్చీ పిలుస్తుంది, మనిషి వస్తాడు.

ఐతే రైట్ అమాయకుడు కాడు. సామాను వర్ణనలన్నీ అమెరికా కొనుగోలు పిచ్చి మీద ఎగతాళే. పెద్ద భవనం కట్టి నింపినవాడికి, కాలం ఆదా చేస్తాయనుకున్న ఆ వస్తువులే చివరకు కాలమంతా మింగేస్తున్నాయని తెలిసివస్తుందని అతనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. డబ్బు చాలనివారి కోసం ఒక రహస్యపు మాట గూడా పెట్టారు. దాన్ని టైపు చేస్తే వెయ్యి సిమోలియన్లు వచ్చి పడతాయి. ఆ మాట మొదట వేరుగా ఉండేది; తర్వాత 'రోజ్‌బడ్' అని మార్చారు. 1941 నాటి 'సిటిజెన్ కేన్' చిత్రం చూసినవారికి ఇది తగులుతుంది. రాజప్రాసాదమంత ఇంటిని శిల్పాలతోనూ పెట్టెలతోనూ కిక్కిరిసేలా నింపి, ఒంటరిగా చచ్చిపోయే కోటీశ్వరుడి చివరి మాట అది. బీదవాడుగా ఉన్న చిన్ననాట ఆడుకున్న బండి పేరు.

వ్యంగ్యానికి ఆయుష్షు తక్కువ. వ్యంగ్యంగా అమ్మినా అమ్మకం అమ్మకమే. ఆటను ప్రచురించిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ అదనపు సామాను పొట్లాలను విడిగా అమ్మటం మొదలుపెట్టింది. 2008 జూన్‌లో రెండో సిమ్స్ ఆటకు ఐకియా కంపెనీ పేరుతోనే ఒక పొట్లం వచ్చింది. దుకాణంలో అమ్మే సోఫాలకూ బల్లలకూ బొమ్మలు. ప్రకటన చూసినందుకు చూసేవాడే డబ్బు కట్టటం వ్యాపార చరిత్రలో చిన్న విజయం కాదు. అదే ఏడాది అమెరికాలో గృహరుణాల బుడగ పగిలి, లక్షల కుటుంబాలు నిజమైన ఇళ్ళు పోగొట్టుకుంటున్నాయి. ఆ ఐకియా మన దేశంలో మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరిచినప్పుడు జనం తోసుకుని వెళ్ళారు. కొన్నవారికంటే చూసి వచ్చినవారే ఎక్కువేమో. అమర్చిన గదుల్లో కూచుని ఫొటోలు దిగటం గూడా ఒక రకం బొమ్మరిల్లే.

మరి ఆ బొమ్మ గదులు గీసినవారి సంగతి? 2004లో ఇదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగి జీవన సహచరి ఒకామె పేరు చెప్పకుండా ఒక బహిరంగ లేఖ రాసింది. వారాల తరబడి సెలవు లేని పని, అదనపు గంటలకు కూలి లేకపోవటం, మనిషి ఇంటికి అలసిన శవంలా రావటం - ఇదీ దాని సారాంశం. బొమ్మలు గీసే ఉద్యోగులు వేసిన దావాలో కంపెనీ 2005లో 1.56 కోట్ల డాలర్లకు రాజీపడింది. మరుసటి ఏడు ప్రోగ్రామర్ల దావాలో మరో 1.49 కోట్లకు. ఎవరో లక్షలమంది తీరిగ్గా ఇల్లు సర్దుకోవటానికి వీళ్ళు ఇల్లు విడిచి ఉన్నారు.

జపానులో కథ మరో భావం నుంచి బయలుదేరింది. కత్సుయా ఎగుచి అనే యువకుడు నింటెండో కంపెనీలో ఉద్యోగానికి చిబా నుంచి క్యోటోకు వచ్చాడు. కుటుంబమూ స్నేహితులూ వెనక ఉండిపోయారు. వాళ్ళు దగ్గర ఉండటం ఎంత విలువైనదో అప్పుడు తెలిసిందని, ఆ లోటులోంచే తన ఆట వచ్చిందని అతను చెప్పుకున్నాడు. పొట్టకోసం ఊరు విడిచి, అద్దె గదిలో వండుకు తిన్న ప్రతివాడికీ ఇది తెలిసిన దుఃఖమే. 2001 ఏప్రిల్‌లో వచ్చిన ఆ ఆట, తర్వాత బయటి దేశాల్లో 'యానిమల్ క్రాసింగ్' అయింది. జంతువులు ఇరుగుపొరుగుగా ఉండే పల్లెకు మనిషి ఒక్కడే వస్తాడు. రాగానే ఎదురయ్యేవాడు టామ్ నూక్. మన నక్క లాగా జపాను కథల్లో మాయలు పన్నే తనుకి అనే జంతువు. ఊళ్ళో దుకాణదారు అతనే, ఇళ్ళు కట్టించేవాడు అతనే, అప్పిచ్చేవాడు అతనే. మన పల్లె చూసినవారికి ఈ త్రిమూర్తిని పరిచయం చెయ్యక్కర్లేదు. మొదటి ఇంటి ఖరీదు 19,800 గంటలు (అక్కడ డబ్బు పేరు గంటలు). చేతిలో ఉన్నది చాలదు, కాబట్టి అతని దుకాణంలోనే పని చెయ్యాలి.

1872లో ఎంగెల్స్ 'గృహ సమస్య' రాస్తూ, ప్రతి కార్మికుడికీ సొంత ఇల్లు ఇప్పిస్తే సరిపోతుందన్న ప్రూధాన్ శిష్యుల వాదాన్ని తిప్పికొట్టాడు. తర్వాత కూర్పుకు చేర్చిన ఒక గమనికలో, మార్క్స్ కుమార్తె ఎలినార్ 1886లో అమెరికా నుంచి రాసిన సంగతి చెప్పాడు: కాన్సాస్ సిటీ వెలుపల బురద నేలలో మూడేసి గదుల కొయ్య గుడిసెలు, వాటి కోసం తలకు మించిన తాకట్టు అప్పులు, ఆ అప్పుల వల్ల యజమాని విడిచిపెట్టమన్న చోటు విడిచిపెట్టలేని బానిసత్వం. ఆటలోని ఇంటి కథ పైకి అచ్చంగా ఇదే. అప్పు తీరగానే ఇల్లు పెంచుదామంటాడు నూక్, మళ్ళీ అప్పు. 2020 నాటి 'న్యూ హొరైజన్స్'లో మొదటి గది 98,000, చివరకు నేలమాళిగ 24,98,000. గుడారం వదిలి ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి అన్నీ కలిపితే 56,96,000 గంటలు. చేపలు పట్టి, పళ్ళు కోసి, పురుగులు పట్టి తీర్చాలి. 2002లో అమెరికాకు వచ్చిన కూర్పులో, బాకీ అంతా తీర్చినవాడికి రైలు స్టేషను దగ్గర విగ్రహం నిలబెడతారు. అప్పు తీర్చినందుకు విగ్రహం! మన ఊళ్ళలో విగ్రహాలు ఎవరివో తలుచుకుంటే నవ్వొస్తుంది.

కాని ఒక్క తేడా ఉంది; కథనంతా అది తలకిందులు చేస్తుంది. నూక్ అప్పుకు వడ్డీ లేదు, గడువు లేదు. పదేళ్ళు కట్టకపోయినా ఇంటికి నోటీసు రాదు, సామాను వీధిలో పడదు. ఎంగెల్స్ చూసిన అప్పులో మనిషిని కట్టేసే తాడు ఏదో, సరిగ్గా ఆ తాడునే ఇక్కడ తీసేశారు. పలాయనమని కొట్టిపారేసే మిత్రులు ఇక్కడ ఆగాలి. పిల్లలు కోరుకుంటున్నది బంగళా కాదు. ఎవరూ వెళ్ళగొట్టని గది. ఇంటి యజమాని మేకు కొట్టవద్దన్న గోడ మీద మేకు కొట్టుకునే స్వేచ్ఛ. అద్దె ఇళ్ళలో కులం అడిగి తలుపు వేసే నగరాల్లో పెరిగినవారికి ఇది చిన్న కోరిక కాదు. కోరిక న్యాయమైనది; దాన్ని తీర్చే చోటు మాత్రమే అబద్ధం.

ఆ అబద్ధపు చోట గూడా అభిరుచికి కాపలాదారు ఉన్నాడు. ఒక 'అకాడమీ' ఆటగాడి ఇంటిని తనిఖీ చేసి, మార్కులు వేసి, ఉత్తరం పంపిస్తుంది. ఒకే వరుసకు చెందిన సామాను పూర్తిగా కొని పెడితే మార్కులెక్కువ; చైనా వాస్తు ప్రకారం తూర్పున ఎరుపు, పడమర పసుపు, దక్షిణాన ఆకుపచ్చ పెడితే మరికొన్ని. ఈశాన్యం మూల బరువుందని గోడ పగలగొట్టించే మన వాస్తు పండితులు ఇది చూస్తే సంతోషిస్తారు. పెద్దమ్మ ఇచ్చిన పాత కుర్చీ, స్నేహితుడు పంపిన బొమ్మ, ఏరుకొచ్చిన గవ్వ ఒకచోట చేరితే అది ఇల్లవుతుంది; అకాడమీకి అది చిందరవందర. 2015లో వచ్చిన 'హ్యాపీ హోమ్ డిజైనర్'లో ఈ మార్కులు తీసేసి, ఇతరుల ఇళ్ళు అలంకరించటమే ఉద్యోగంగా మార్చారు. ఇల్లు కోరినవాడు చెప్పిన రెండు మూడు వస్తువులు పెడితే చాలు, ఎలా పెట్టినా ఆనందిస్తాడు. తీర్పు పోయింది, దానితోపాటు రుచి గూడా పోయింది. నా మటుకు అకాడమీతో పోట్లాటే మేలనిపిస్తుంది.

'న్యూ హొరైజన్స్' 2020 మార్చి 20న విడుదలైంది. పన్నెండు రోజుల్లో కోటి పదిహేడు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఇప్పటికి నాలుగున్నర కోట్లు దాటాయి. మహమ్మారి వల్ల తలుపులు మూసుకున్న ప్రపంచం ఆ బొమ్మ ద్వీపాల్లోకి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకుంది, పుట్టినరోజులు జరుపుకుంది. లాస్ ఏంజిల్స్‌లోని గెట్టి మ్యూజియం తన చిత్రాలను ఆటలోని గోడలకు తగిలించుకునే ఏర్పాటు చేసింది. అకాడమీ లెక్కలకు అందని మంచి పని ఇది. ఏప్రిల్‌లో ఆటలోని బ్యాంకు పొదుపు మీద వడ్డీ తెగ్గోస్తే పత్రికలు నిజమైన బ్యాంకు వార్తలా రాశాయి. విడుదలై ఐదు రోజులు తిరగకుండానే మన దేశంలో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాదులో, బెంగుళూరులో ఇతరుల ఇళ్ళు కట్టే కూలీలు తమ ఇళ్ళకు వందల మైళ్ళు నడిచారు.

అలంకరణలో రాజకీయమేముందన్న మిత్రులకు జవాబు ఆ ఏప్రిల్‌లోనే దొరికింది. హాంకాంగ్ ఉద్యమకారుడు జాషువా వాంగ్ తన ద్వీపాన్ని విముక్తి నినాదాల బ్యానర్లతో అలంకరించాడు. రోజుల్లోనే ఆ ఆట చైనా ఆన్‌లైన్ దుకాణాల్లోంచి మాయమైంది. ఆ ఉద్యమం మీద మనలో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ ప్రశ్న అది కాదు. శత్రువూ మిత్రుడూ ఒక సంగతి గ్రహించారు: గోడ ఉన్నచోట దాని మీద ఏదో రాయవచ్చు. అక్టోబరులో అమెరికా ఎన్నికల కోసం బైడెన్ ప్రచార ద్వీపం వెలిసింది. నవంబరులో నింటెండో సంస్థలకూ వ్యాపారాలకూ నియమావళి ప్రకటించింది. రాజకీయాలు ఆటలోకి తేవద్దని అందులో ఉంది. అప్పిచ్చిన నూక్ ఎన్నడూ పెట్టని షరతు అసలు యజమాని పెట్టాడు.

అసలు యజమాని ఎవరన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. ఆటగాడు కొన్నది ఇల్లు కాదు, అందులో ఆడుకునే అనుమతి. ఫేస్‌బుక్‌లో కోట్లమంది ఆడిన 'ది సిమ్స్ సోషల్'ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2011లో తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. అందులో జనం నెలల తరబడి అమర్చుకున్న గదులన్నీ ఆ రోజుతో పోయాయి. కాలిన ఇంట్లో బూడిదైనా మిగులుతుంది. ఆ కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు సౌదీ ప్రభుత్వ నిధీ, దాని భాగస్వాములూ కొనటానికి ఒప్పందం కుదిరిందని 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. సిమ్స్ వీధుల్లోని ఇళ్ళన్నీ ఆ బేరంలో లెక్కే. నింటెండో తన ఫోను ఆట 'పాకెట్ క్యాంప్' సర్వర్లను 2024 నవంబరులో ఆపింది. ఐతే ఈసారి ఆటగాళ్ళు తమ సామాను పట్టుకుపోవటానికి దారి ఇచ్చింది: ఒక్కసారి డబ్బు కడితే, సర్వరుతో పని లేకుండా నడిచే కూర్పు. గడువులోగా పాత గదులను అందులోకి తరలించుకున్నవారికి అవి మిగిలాయి. మిగతావారి కుర్చీలూ బల్లలూ ఎక్కడికి పోయాయో అడగటానికి అక్కడ వీధి గూడా లేదు.